సున్నాకు జ్వరం

ఆ రోజుల్లో నేను దేన్నీ చేత్తో తాకి నమ్మేవాణ్ణి కాదు. జనగామ మార్కెట్లో, రైతుల సరుకు అమ్మించిపెట్టే ఒక ఆడితి దుకాణంలో గుమాస్తాగా చేరి అప్పటికి నాలుగేళ్లు. వడ్లలో తేమ ఎంత ఉందో చూసే చిన్న మీటరు నా చేతిలో ఉండేది. రైతు ఒక గింజ కొరికి "పద్నాలుగుంటది" అనేవాడు. కొనేవాడు అదే కుప్పలోంచి ఇంకో గింజ కొరికి "ఇరవై తక్కువ లేదు" అనేవాడు. నేను మీటరు పెట్టి "పదిహేడున్నర" అనేవాణ్ణి. ఇద్దరూ మీటరును తిట్టుకుంటూ ఒప్పుకునేవారు. ఇరవై ఏడేళ్ల వయసులో అంత అధికారం చేతికొస్తే ఎవరి తలకైనా ఎక్కుతుంది. నాకు కాస్త ఎక్కువే ఎక్కింది. స్నానం నీళ్లలో థర్మామీటరు ముంచేవాణ్ణి. మార్కెట్ గేటు దగ్గరి హోటల్లో చాయ్ అరవై ఒక్క డిగ్రీలకు దిగితేనే తాగేవాణ్ణి. (ఆ హోటలాయన నాకోసం గ్లాసు పక్కన పెట్టి "గది సల్లారుతాంది, దాని జోలికి పోకుండ్రి" అని అందరికీ చెప్పేవాడు.) నేను డిగ్రీ రెండో సంవత్సరంలో తప్పి చదువు మానేసినవాణ్ణి. లెక్కల్లో కాదు, ఇంగ్లీషులో. ఆ తర్వాత సగటులూ శాతాలూ నిష్పత్తులూ పాత పుస్తకాలు కొనుక్కుని నేనే నేర్చుకున్నాను. ఈ రెండు సంగతులూ కలిపి హమాలీలు నాకు "డిగ్రీ" అని పేరు పెట్టారు. "పాస్ కాని డిగ్రీ వచ్చిండు, బస్తాలు సర్దుండ్రి" అనేవారు. నేను పట్టించుకోనట్టు ఉండేవాణ్ణి గానీ లోపల ఆ పేరంటే ఇష్టంగానే ఉండేది.

అలాంటి ఒక మే నెలలో మా అక్క ఫోన్ చేసింది. అక్కను ఇచ్చింది మహబూబాబాద్‌లో. మేమందరం మానుకోట అనే అంటాం.

"తమ్మీ, రేపు పొద్దుగాల బండికి రా. మీ బావ అన్నం తింటలేడు."

"ఎందుకు, జ్వరమా? ఎన్ని డిగ్రీలు?"

"జ్వరం మీ బావకు కాదురా, ఆయన మిషిన్‌కు."

మా బావకు మానుకోట బజార్లో ఫోటో స్టూడియో. పెళ్లిళ్ల వీడియోలు తీసి, కోసి, పాటలు అతికించి ఇస్తాడు. ఆ పనికోసం హైదరాబాద్‌లో ఎవరో ఆడి ఆడి విసిగి అమ్ముకున్న ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాడు. అది కంప్యూటర్ ఆటల కోసం చేసిన రకం. ఒళ్లో పెట్టుకునేది అని పేరే గానీ ఒళ్లో పెట్టుకుంటే లేవడానికి ఇంకొకరు కావాలి. దాని ఛార్జరు ఇటుకంత ఉండేది. మూత వెనక ఎర్ర లైట్లు వెలిగేవి. మామూలు ల్యాప్‌టాప్‌లో తెరమీద బొమ్మలు గీయడానికి ఒక గ్రాఫిక్స్ చిప్పు ఉంటే దీనిలో రెండుండేవి. బావకు అదే గొప్ప. స్టూడియోకు వచ్చిన ప్రతి పెళ్లివారికీ "మాది జోడెడ్ల బండి" అని చెప్పేవాడు. వాళ్లు చుట్టూ చూసి, బండి ఎక్కడుందో అడగడానికి మొహమాటపడి, అడ్వాన్సు ఇచ్చి పోయేవారు.

నేను మర్నాడు దిగేసరికి బావ స్టూడియోలో ఆ మిషిన్ ముందు దిగాలుగా కూర్చున్నాడు. సంగతి అక్కే చెప్పింది. ఏప్రిల్‌లో భూపాలపల్లిలో ఒక బొగ్గుబాయి కార్మికుడి బిడ్డ పెళ్లికి బావ వీడియో తీశాడు. ఆ కార్మికుడి తల్లి, పెళ్లికూతురికి నాయనమ్మ, బరాత్ ఊరేగింపులో బాగా ఆడిందట. పెళ్లయిన నెల తిరక్కుండానే ఆ ముసలమ్మ నిద్రలోనే పోయింది. ఇప్పుడు పదో దినానికి మూడు రోజులుంది. మిషిన్ చూస్తే, పెళ్లి వీడియో తయారుచేయమని పని మొదలుపెట్టిన పన్నెండు నిమిషాలకల్లా కాలిపోయేంత వేడెక్కి దానంతటదే ఆగిపోతోంది.

"వీడియో ముక్కలు పెన్‌డ్రైవ్‌లకు ఎక్కిస్తే?" అన్నాను.

"ఎక్కిస్తాంటేనే బందైతాంది బామ్మర్దీ. రెండుసార్లు అయింది. మూడోసారి బందైతే లోపల ఉన్నది గూడ ఉంటదో పోతదో."

"కెమెరా కార్డుల్లో ఉంటది కదా."

బావకు బదులు అక్క చెప్పింది. "ఇంకో పెండ్లికి కావాలెనని కార్డులు తుడిచిండు. ఉన్నది గీ డబ్బల్నే."

అప్పుడే భూపాలపల్లి నుంచి ఫోన్ వచ్చింది. బావ స్పీకర్ పెట్టాడు, ఒక్కడే వినే ధైర్యం లేక. అవతల ఆ కొడుకు. తల్లిని వాళ్లు అవ్వ అంటారు, తండ్రిని బాపు.

"అన్నా, మా అవ్వది మంచి ఫోటో ఒక్కటి లేదన్నా. ఆధార్ కార్డు మీదిది ఉన్నది, గది మా అవ్వ తీరే లేదు. మీ వీడియోల ఆడింది కదా. గది సూపెడుతమని మా బాపుకు చెప్పిన. ఆయన రోజూ అడుగుతాండు. కాకపోతే ముందే చెప్పుండ్రి, ముసలాయనకు ఆశ పెట్టుడు మంచిది కాదు."

"అయితది తమ్మీ, అయితది," అన్నాడు బావ. ఫోన్ పెట్టేసి నా వైపు చూశాడు. ఆ చూపులో నేనంటే నమ్మకం ఉందని అప్పుడనుకున్నాను. ఇప్పుడాలోచిస్తే, ఇంకెవరూ దొరక్కపోవడమే ఉందనిపిస్తోంది.

నేను నోటుబుక్కు తీశాను. మిషిన్‌లో చిప్పుల వేడి చూపే చిన్న ప్రోగ్రాం ఒకటి అంతకుముందే ఉంది. తెర మూలన ఒక చిన్న డబ్బా, అందులో రెండు వరుసలు. ఒక వరుసకు సున్నా అని పేరు, రెండోదానికి ఒకటి అని పేరు. ఏం పెట్టినా అది అన్నిటికంటే పైనే కనబడుతుంది. పని మొదలుపెట్టించి ముప్పై సెకన్లకోసారి రాసుకున్నాను. పదకొండు నిమిషాల నలభై సెకన్లకు మిషిన్ ఆగింది. ఆగే ముందు సున్నా దగ్గర తొంభై ఏడు, ఒకటి దగ్గర అరవై తొమ్మిది. ఇరవై ఎనిమిది డిగ్రీల తేడా. ఒకే ఇంట్లో, ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరికి చెమట కూడా పట్టలేదు, ఇంకొకరు స్పృహ తప్పారు.

ఇక ఏ చిప్పు ఎటుందో తేల్చాలి. మిషిన్ లోపల ఒకటి ఎడమ పక్కన, ఒకటి కుడి పక్కన ఉంటాయని బావకు తెలుసు. సున్నా ఏది, ఒకటి ఏది? నేను చాలా జాగ్రత్తగా ఆలోచించాను. (నా జీవితంలో చేసిన పెద్ద తప్పులన్నీ జాగ్రత్తగా ఆలోచించి చేసినవే.) సున్నా అంటే ఏమీ లేనిది, దానితో లెక్క మొదలుకాదు. కీబోర్డు మీద చూడండి: ఎడమ చివర ఒకటి, రెండు, మూడు... తొమ్మిది అయ్యాక కుడి చివర సున్నా. ఫోన్ మీదా అంతే, సున్నా అన్నిటికంటే కింద. కాబట్టి ఒకటి అంటే మొదటిది, ఎడమది. సున్నా అంటే చివరిది, కుడిది. జ్వరం కుడి పక్కన ఉంది.

అక్క వచ్చి మిషిన్ అడుగున అరచెయ్యి పెట్టి చూసింది. "తమ్మీ, ఎడమ దిక్కు కాలుతాంది. కుడి దిక్కు మంచిగనే ఉన్నది."

"చెయ్యి అబద్ధం చెప్తది అక్కా. మీటరు చెప్పదు."

"మీటరు ఏ దిక్కని చెప్పింది?"

"నేను చెప్పిన."

"అట్లనా," అని అక్క లోపలికి పోయి తన బొట్టుబిళ్లల అట్ట తెచ్చింది. "మరిచిపోకుండ పెట్టుకో." నేను కుడి పక్కన ఎర్ర బొట్టు, ఎడమ పక్కన ఆకుపచ్చ బొట్టు అంటించాను. ఎర్రబొట్టు అంటే వైద్యం కావలసిన పక్క. అప్పటికి మిషిన్ చూడముచ్చటగానే ఉంది.

మర్నాడంతా కుడి పక్కకు వైద్యం. ఆ పక్క కింద చెక్కముక్కలు పెట్టి ఎత్తు చేశాను. టేబుల్ ఫ్యాను తెచ్చి కుడివైపే తిప్పాను. తడిగుడ్డ పిండి ఆ పక్కన వేలాడదీశాను. బావ వద్దంటున్నా వినకుండా గిన్నెలో ఐసు ముక్కలు కూడా పెట్టాను. సాయంత్రానికి ఫలితం కనబడింది. ఒకటి దగ్గర అరవై తొమ్మిది ఉన్నది అరవైకి దిగింది. సున్నా దగ్గర మాత్రం అదే తొంభై ఏడు. మామూలు మనిషికి ఇక్కడే అనుమానం రావాలి. నేను కూర్చుని సగటు తీశాను. ముందు రోజు సగటు ఎనభై మూడు. ఆ రోజు డెబ్బై ఎనిమిదిన్నర.

"నాలుగున్నర డిగ్రీలు తగ్గింది బావా."

"మరి పదకొండు నిమిషాలకే బందైంది కదరా."

"అది వేరే సంగతి. మొత్తం మీద తగ్గింది."

అన్నానికి కూర్చున్నాం. పప్పు నోట్లో పెట్టుకుంటే చప్పగా ఉంది. చారు పోసుకుంటే నోరు పొక్కేంత ఉప్పు. నేను అక్క వైపు చూశాను.

"పప్పుల ఉప్పు మర్చిన తమ్మీ. చారుల రెండుసార్లు వేసిన," అంది అక్క ఏమీ తెలియనట్టు. "మొత్తం మీద సరిపోయింది. తినరాదు?"

బావ మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు. నేను తినేశాను. ఎవరి సగటు వారే తినాలి.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మూడో రోజు పొద్దున బావ, భూపాలపల్లికి ఫోన్ చేసి కాదని చెప్పేస్తానన్నాడు. మర్నాడే పదో దినం. "పొద్దటి పూట చెప్పితే ముసలాయనను ఎట్లనో ఒకట్ల సముదాయించుకుంటరు. సమయానికి చేతులెత్తేస్తే బాగుండదు." ఫోన్ చేతిలో పట్టుకుని, నంబరు తీసి, నొక్కకుండా, మళ్లీ జేబులో పెట్టుకుని, మళ్లీ తీశాడు. నేను నోటుబుక్కులోని అంకెలు మొదటి నుంచి కూడుకుంటూ కూర్చున్నాను, ఎక్కడో కూడిక తప్పి ఉంటుందని. కూడికలన్నీ ఒప్పే.

ఇంటి వెనక వసారాలో బావ వాళ్లమ్మ బియ్యం కొలుస్తోంది. ఆవిడ నాకు అత్తమ్మ వరస. తన చెల్లెలికి పంపడానికి బస్తాలోంచి సోలతో తీసి సంచిలో పోస్తోంది. చదువు లేదు గానీ సోల ఎప్పుడూ అంచుకు సమానంగా, తలకొట్టుగా నిండుతుంది, ఒక్క గింజ కింద పడదు. పోస్తూ పైకే లెక్కపెడుతోంది.

"లాభం... రెండు... మూడు... నాలుగు..."

ధాన్యం కొలిచేవాళ్లెవరూ ఒకటి అనరు. మొదటి కొలతను లాభం అంటారు, మంచి మాటతో మొదలవ్వాలని. ఏడు వచ్చినా ఏడు అనరు, ఏడుపు గుర్తొస్తుందని; ఆరున్నొక్కటి అంటారు. ఇదేమీ నాకు కొత్త కాదు. జనగామ మార్కెట్లో రోజుకు యాభైసార్లు నేనే ఆ మాట అంటాను. అయినా ఆ పూట నా కూడికల మధ్యలో అది చెవిన పడేసరికి పెన్ను ఆగిపోయింది.

నేను వసారాలోకి పోయాను. "అత్తమ్మా, మీరు ఒకటి అనలే."

"అనం కదా బిడ్డా."

"మరి మొదటి సోల ఏది?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "లాభమే మొదటిది. దానికి అంకె పేరు పెట్టం. మార్కెట్ల పనిచేసేటోనివి, నీకు తెల్వదా?"

తెలుసు. నోటికి తెలుసు, బుర్రకు తెలియలేదు. మొదటిదాన్ని ఒకటి అని పిలవకుండా కూడా లెక్కపెట్టవచ్చు. మనం లాభం, రెండు అన్నట్టే ఆ మిషిన్ చేసినవాళ్లు సున్నా, ఒకటి అని మొదలుపెట్టి ఉంటే? అప్పుడు వాళ్ల సున్నాయే మొదటిది. అంటే ఎడమది.

"సున్నా అంటే లాభం," అన్నాను గట్టిగా.

అత్తమ్మ సోల పక్కన పెట్టి లేచింది. "బిడ్డా, గీ పోరనికి ఎండ తగిలింది. మజ్జిగ తే," అని అక్కను కేకేసింది. అక్క మజ్జిగ తెచ్చేలోపు నేను స్టూడియోలో బొట్టుబిళ్లలు పీకి అటుది ఇటు, ఇటుది అటు అంటిస్తున్నాను. అక్క గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూసింది.

"ఎడమ దిక్కు కాలుతాందని మొన్ననే చెప్పిన కదరా."

"నువ్వు చెయ్యి పెట్టి చెప్పినవు. నేను లెక్క కట్టి చెప్తాన."

"మంచిది. రెండు రోజులు పట్టింది, అంతే కదా."

మొబైల్ షాపు నుంచి చిన్న స్క్రూడ్రైవర్ అడిగి తెచ్చాం. మిషిన్‌ను బోర్లా వేసి అడుగు రేకు విప్పాను. పదమూడు స్క్రూలు, గిన్నెలో వరసగా. (ఒక్కటి కూడా పోలేదు; ఈ సంగతి ఎవరూ మెచ్చుకోలేదు గనక ఇక్కడ రాస్తున్నాను.) కుడి పక్క ఫ్యాను శుభ్రంగా ఉంది, ముందు రోజు నా ఐసు వైద్యానికి ఇంకా చల్లగా కూడా ఉంది. ఎడమ పక్క గాలి బయటికి పోయే జాలీ మీదికి ముగ్గురం వంగాం. అది పచ్చగా ఉంది. జాలీ కన్నాలన్నీ పూడిపోయి, పూతపెట్టిన గడపలా ఉంది. వేలితో గీరి వాసన చూశాను. పసుపు.

"అత్తమ్మా," అని పిలిచింది అక్క, "దసరాకు మిషిన్‌కు పసుపు ఎక్కడ పెడుతరు?"

ఆవిడ వచ్చింది. దసరా నాడు ఎవరి పనిముట్లకు వాళ్లు పూజ చేసుకుంటారు కదా. మా బావ కెమెరాలూ స్టాండ్లూ లైట్లూ ఈ మిషినూ వరసగా పేరిస్తే అత్తమ్మే పసుపు పూసి బొట్లు పెట్టేది. కుడి పక్కన దీపం ఉంటుంది గనక ఎడమ పక్కన పూసేది. మూడు దసరాలు.

"జాలి జాలిగ ఉంటె, గడప తీరు మంచిగ పట్టుకుంటదని గక్కడ పూసిన బిడ్డా," అంది.

పసుపు గీరేశాక ఫ్యాను వేలితో తిప్పి చూశాను. తిరగలేదు. లోపల ఏదో అడ్డం పడింది. అక్క తల్లోంచి పిన్ను తీసి ఇచ్చింది. దాంతో మెల్లగా గెలికితే రెక్కల సందులోంచి పచ్చటి బియ్యపు గింజ బయటికొచ్చింది. అక్షింత. తర్వాత ఇంకొకటి. తెల్ల కాగితం మీద వరసగా పెట్టి అందరం లెక్కపెట్టాం, ఎవరూ చెప్పకుండానే మార్కెట్ లెక్కలో: లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొక్కటి. దీవించి చల్లిన గింజలే ఊపిరి ఆడకుండా చేశాయి.

"చల్లినయి తియ్యొచ్చునా?" అంది అత్తమ్మ భయంగా.

"తియ్యకపోతే మిషిన్‌కు గూడ దినాలు చెయ్యవలసొస్తది అత్తమ్మా," అంది అక్క. ఆవిడ ఆ ఏడు గింజలనూ ఏరి కొంగు చివర ముడివేసుకుంది. తర్వాత వాటిని ఏం చేసిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

పదమూడు స్క్రూలు బిగించి పని మొదలుపెట్టించాం. పది నిమిషాలు. పదకొండు. పదకొండు నిమిషాల నలభై సెకన్ల దగ్గర బావ కళ్లు మూసుకున్నాడు. మిషిన్ ఆగలేదు. ఇరవై నిమిషాలకు సున్నా దగ్గర ఎనభై ఎనిమిది, ఒకటి దగ్గర డెబ్బై నాలుగు వచ్చి అక్కడే నిలిచాయి. బావ గోడకు ఆనుకుని నేలమీద కూర్చుండిపోయి "అక్కడనే ఉన్నదా? అక్కడనే ఉన్నదా?" అని అడుగుతున్నాడు.

కథ ఇక్కడ అయిపోవాలి. నేను అవనివ్వలేదు. "ఇంకా పద్నాలుగు తేడా ఉన్నది," అన్నాను. "రెండూ సమానం కావాలె. ఎక్కడో ఇంకో గింజ ఉన్నట్టున్నది. ఆపి ఇంకోసారి విప్పుదాం."

పని ఆపే బటన్ మీదికి నా వేలు పోయింది. ఆ వేలు ఆ పూట మీట నొక్కి ఉంటే, అప్పటిదాకా తయారైన వీడియో పోయి మళ్లీ మొదటికి వచ్చేది. ఇంకోసారి విప్పిన మిషిన్ మళ్లీ నడుస్తుందన్న భరోసా లేదు, నడవకపోతే మర్నాడు ఆ బాపుకు చూపించడానికి ఏమీ మిగిలేది కాదు. అక్క నా మణికట్టు పట్టుకుంది. అలాగే పట్టుకుని, ఇంకో చేత్తో బావ ఫోన్ తీసి, హనుమకొండలో మిషిన్లు బాగుచేసే ఒకాయనకు కలిపి నా చెవి దగ్గర పెట్టింది. అంతకుముందు రెండు రోజులు పెళ్లికి పోయి దొరకని మనిషి ఆ పూట దొరికాడు. నేను అంకెలన్నీ చెప్పాను. ఆయన ఆవలించడం వినబడింది.

"అన్నా, సున్నా నంబరుదే తెరను గూడ నడుపుతది. దానికి పని ఎక్కువ, ఉడుకు ఎక్కువ. రెండు చిప్పుల మిషిన్ల పది పదిహేను తేడా ఉంటది, గది రోగం కాదు. తొంభై ఐదు దాటిందా?"

"లేదు."

"మరి ఎందుకు పరేషాన్ అయితవ్? చాయ్ తాగి కూసో."

జీవితంలో ఎవరూ నాతో అంత హాయైన మాట అనలేదు. తేడా ఉండవచ్చునట. ఉన్నా పని జరుగుతుందట. అక్క నా చెయ్యి వదిలింది. మణికట్టు మీద ఆమె గాజుల అచ్చు పడింది. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు గంటల పది నిమిషాలకు వీడియో తయారైంది. ఆ సాయంత్రం చాయ్ ఎన్ని డిగ్రీలుందో చూడకుండా తాగాను, నాలుక కాలింది.

పదో దినం నాడు బావకు వేరే పెళ్లి ఉంది. మిషిన్ తీసుకుని నేనే బయల్దేరాను. వాళ్ల టీవీ పాతది, పెన్‌డ్రైవ్ పెడితే చదవదు; మిషిన్‌నే వైరుతో కలపాలి. వరంగల్‌లో బస్సు మారి, ఆ బరువును పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని భూపాలపల్లి చేరేసరికి పదకొండు దాటింది. క్వార్టర్ల ముందు టెంటు వేశారు. ఎండ మండిపోతోంది. ఆ కొడుకు ఎదురొచ్చి మిషిన్ అందుకుని "ఏందన్నా గింత బరువు, మా అవ్వ గూడ గింత లేకుండె," అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మాట మాత్రం నవ్వులోనే ఉంది.

టీవీ ముందు కుర్చీలో ఆ బాపును కూర్చోబెట్టారు. పలచటి మనిషి. నేలమీద చుట్టాలందరూ. నేను వైరు కలిపి, వెనక స్టూలు మీద కూర్చుని వీడియో నడిపాను. తాళి కట్టడం, తలంబ్రాలు, భోజనాలు. తర్వాత బరాత్. బ్యాండు ముందు ఆకుపచ్చ చీరలో ముసలమ్మ వచ్చింది. ఒక చెయ్యి పైకెత్తి, నడుం మీద ఇంకో చెయ్యి వేసి, బ్యాండు వాణ్ణి తాళం తప్పిందని తిట్టి మరీ ఆడింది. ఒక దగ్గర కెమెరా మీదికి వచ్చి, "గా డబ్బ పక్కకు పెట్టి నువ్వు గూడ ఆడు పిలగా," అంది మా బావతో. ఆ గొంతు వినబడగానే టెంటంతా ఒక్కసారి నవ్వింది, ఆ నవ్వులోనే కొందరు ఏడ్చారు.

అప్పుడు ముందు వరసలో ఒక పెద్దాయన, ముసలమ్మకు తమ్ముడి వరస, టీవీ మూలకు వేలు చూపించి అడిగాడు. "గీ అంకె ఏంది? ఎనభై ఒకటి. అక్క వయసా?"

చూస్తే, నా చిన్న డబ్బా. వేడి చూపే ప్రోగ్రాం మూసెయ్యడం మర్చిపోయాను. ఆడుతున్న ముసలమ్మ తలపైనే రెండు వరసలు: ఎనభై ఒకటి, డెబ్బై రెండు.

"ఎనభై ఒకటి ఎక్కడిది మామా, ఆధార్ల డెబ్బై రెండే ఉన్నది. కింద రాసిండ్రు సూడు," అన్నాడు ఇంకొకడు.

"ఆధార్ల వాళ్లకు ఏం తెల్సు? నాకంటె రెండేండ్లు పెద్దది. నాకే డెబ్బై తొమ్మిది."

"నీకు డెబ్బై తొమ్మిదని ఎవరు చెప్పిండ్రు?"

"రెండు రాసిండ్రంటె వాళ్లకు గూడ అనుమానమే ఉన్నట్టుంది," అంది ఒకావిడ.

ఇంతలో ఎండకు పై అంకె ఎనభై రెండయింది. "అగో, ఇంకొకటి పెరిగింది," అన్నాడు పెద్దాయన గెలిచినట్టు. నేను లేచి, అది మనిషి వయసు కాదు, చిప్పుల వేడి, సున్నా అంటే మొదటిది అని చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా.

"జర సప్పుడు జేయకుండ్రి," అన్నాడు బాపు. టీవీ మీంచి చూపు తిప్పలేదు. "వయసుతోని ఏం పని. దాన్ని ఆడనియ్యిండ్రి."

నేను ఆ చిన్న డబ్బాను మూసేశాను. అంకెలు పోయాయి, తెరంతా ముసలమ్మే. మిషిన్ ఎంత వేడెక్కిందో, ఎప్పుడు ఆగుతుందో చూసుకునే దారి లేదు. మెల్లగా దాని అడుగున అరచెయ్యి పెట్టాను. ఎడమ దిక్కు వెచ్చగా ఉంది, అంతే. బాపు మూడుసార్లో నాలుగుసార్లో మళ్లీ వేయించుకున్నాడు.

ఆ ల్యాప్‌టాప్ ఎప్పుడో పోయింది. బావ స్టూడియోలో ఇప్పుడున్నదాన్లో ఒకటే చిప్పు. జనగామ మార్కెట్లో నా చేతిలో ఇంకా మీటరే ఉంది, జుట్టు మాత్రం సగం తెల్లబడింది. ఆ నోటుబుక్కు దాచుకున్నాను. మానుకోటలో ముప్పై సెకన్లకోసారి రాసిన అంకెలు పేజీల కొద్దీ ఉన్నాయి. కూడికలన్నీ ఒప్పే, పక్క తప్పు. అప్పుడప్పుడూ తీసి చూసి, రెండు అంకెలను సమానం చెయ్యాలని బటన్ మీదికి వేలు చాపిన ఆ ఇరవై ఏడేళ్లవాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. తర్వాతి పేజీలో పైన భూపాలపల్లి అని రాసి, కింద గీత గీసి, టైము, సున్నా, ఒకటి అని మూడు గడులు కట్టాడు. బస్సులోనే కట్టి ఉంచాడు, బుద్ధిమంతుడు. ఆ గడులన్నీ ఖాళీగానే ఉన్నాయి.